మూడో నీళ్ళు

"బాగుందమ్మా," అన్నారు బావగారు. ఒక్క గుక్క తాగి, కప్పుని కిటికీ గట్టు మీద పెట్టేశారు.

చిన్నకోడలికి ప్రాణం ఉసూరుమంది. ఆ ఇంట్లో "బాగుంది" అంటే బాగాలేదని అర్థం. నిజంగా బాగున్నదాన్ని ఎవరూ మెచ్చుకోరు. గిన్నె అడుగు గీకి, చెయ్యి కడుక్కుని, ఇంకేమైనా ఉందా అన్నట్టు వంటింటి వైపు చూస్తారు. మెచ్చుకోళ్ళన్నీ మిగిలిపోయినవాటికే.

"శొంఠి ఎక్కువైందా బావగారూ?"

"లేదమ్మా."

"పోనీ, తీపి చాల్లేదా?"

"అన్నీ సరిపోయాయి. నువ్వెందుకిలా రోజూ పొయ్యి దగ్గర మాడిపోతావు? వదిలెయ్యి."

ఆయన మళ్ళీ వీధిలోకి చూడసాగారు. అక్కడ చూడటానికేమీ లేదు. ఎదురింటి గోడ, దాని మీద ఆరేసిన దుప్పటి. ఆయన వెనకాల కుట్టుమిషను మీద కూడా ఓ దుప్పటే ఉంది. అక్క పోయిన రోజున ఇంటికొచ్చినవాళ్ళు ఎవరో కప్పారు. తీసినవాళ్ళు లేరు.

అక్క అంటే తోడబుట్టిన అక్క కాదు, తోడికోడలు. పిలుపుగా మొదలై, ఎప్పుడో తెలియకుండానే నిజమైపోయిన అక్క. జ్వరంగా ఉంది కాసేపు నడుం వాలుస్తానని వెళ్ళిన మనిషి మళ్ళీ లేవలేదు. అప్పటిదాకా ఆమె చేతిలో ఉన్న నల్లకోటు ఇప్పుడు గది మూల బొమ్మకి తొడిగి ఉంది. ఒక చెయ్యి గుండుసూదులతో వేలాడుతోంది, రెండో చెయ్యి బల్ల మీద పడుంది. కత్తిరింపూ మిషనూ బావగారివి, గుండీల కాజాలు అక్కవి. అన్నిటికంటే కింది కాజా సగంలో ఆగిపోయింది. సూది అక్కడే గుచ్చి ఉంది, దారంతో సహా.

"మాస్టారూ, ఉన్నారా?" అంటూ వాకిట్లో గొడుగు దులిపాడు కోటు ఆసామి. ఊళ్ళో వాళ్ళందరికీ ఆయన బ్యాండు మాస్టారు. నోట్లో బాకా లేనప్పుడు కూడా బుగ్గలు ఊదుకునే ఉంటాయి.

"ఉన్నాను. కోటే లేదు," అన్నారు బావగారు.

"కంగారేం లేదు." ఆయన కోటు దగ్గరికెళ్ళి ముట్టుకోకుండా చుట్టూ తిరిగాడు. "కాకపోతే కచేరీ దగ్గరపడుతోంది. చేతుల్లేని కోటేసుకుని ఊదితే జనం బాకా వినరు, చంకలు చూస్తారు."

బావగారు నవ్వబోయి మానేశారు. "ఇంకొకళ్ళ చేత కుట్టించుకోండి మాస్టారూ. బట్ట ఇచ్చేస్తాను."

"ఇంకొకళ్ళు కుడితే నా పొట్ట కనపడుతుంది. మీరు కుడితేనే దాక్కుంటుంది." బ్యాండు మాస్టారు ఆ సూది వంక చూసి, గొంతు తగ్గించాడు. "ఆఖరి గుండీ లేకపోయినా పర్వాలేదండీ. ఊదేటప్పుడు ఎలాగూ విప్పేసుకుంటాను."

ఆయన వెళ్ళాక చిన్నకోడలు కప్పు తీసింది. కిటికీ గట్టు మీద నిన్నటి మరక పక్కనే ఇవాళ్టి మరక. వంటింట్లోకి పోయి కాఫీ తొట్లో పారబోసింది. పారబోస్తుంటే దాల్చినచెక్క వాసన గుప్పుమంది. బ్రహ్మాండంగా ఉంది. అదే ఏడుపు.

*

బావగారు జన్మలో ఎవర్నీ ఏమీ అడిగిన మనిషి కాదు. వడ్డిస్తే తింటారు, మర్చిపోతే మంచినీళ్ళు తాగి లేస్తారు. అలాంటిది అక్క పోయాక ఒకరోజు తమ్ముడితో అన్నారు, "దాని సాయంత్రం కాఫీ ఒక్కసారి గొంతులో పడితే, మళ్ళీ మిషను మీద కూర్చోగలనేమోరా." అని వెంటనే సిగ్గుపడి, లేచి బయటికి వెళ్ళిపోయారు.

ఇంక ఇంటిల్లిపాదీ ఆ కాఫీ మీద పడ్డారు.

పొద్దుటి కాఫీ అందరికీ మామూలే. ఈ సాయంత్రం కాఫీ వేరు. అందులో ఏవేవో దినుసులు దంచి వేసి మరిగించేది అక్క. చాలాకాలం కిందట బావగారు కత్తెర వెతుక్కుంటూ వంటింట్లోకి వచ్చి, ఆవిడ చేతిలో గ్లాసు లాక్కుని ఓ గుక్క తాగారు. "ఇన్నాళ్ళూ ఇది దాచుకుని నువ్వొక్కదానివే తాగుతున్నావా?" అన్నారు. ఆ రోజు నుంచి ఆ గ్లాసు ఆయనదైపోయింది.

చిన్నకోడలి భర్తకి ప్రతి విషయం మీదా ఒక అభిప్రాయం ఉంటుంది. దీని మీదా ఉంది. "అంతా నాణ్యతలో ఉంటుందోయ్," అంటూ బజారంతా గాలించి, ఖరీదైన పొడి, చిక్కటి పాలు పట్టుకొచ్చాడు. "మొదటి డికాషన్ తియ్యి. నీళ్ళు తగలనివ్వకు. చూడు ఎలా ఉంటుందో."

తీసింది. తారులా దిగింది. దాంట్లో కొత్త యాలకులు, కొత్త లవంగాలు, చిటికెడు మిరియం.

"బాగుందమ్మా," అన్నారు బావగారు.

"జాజికాయ పడలేదు, అదీ సంగతి," అంది అత్తగారు వంటింటి గుమ్మం పక్కన తన కుర్చీలోంచి. ఆ కుర్చీలో కూర్చుంటే ఫిల్టరు కనపడుతుంది, ఫిల్టరు మూత తీసేవాళ్ళ చెయ్యి కనపడుతుంది. ఆవిడ ఎవర్నీ ఏమీ అనదు. చూస్తుంది, అంతే. "పెద్దది కచ్చితంగా జాజికాయ వేసేది. నాకు ముక్కు లేదనుకుంటున్నారా?"

"అక్క ఆ కాఫీ మీకెప్పుడైనా ఇచ్చిందా అత్తయ్యా?"

"నాకెందుకు? నాది పొద్దుటి కాఫీతో సరి. వాసన వచ్చేదమ్మాయ్, వాసన."

జాజికాయ వేసింది. తాగినాయనకి నిద్రొచ్చింది, బాగుందనే అన్నారు.

అక్క దినుసుల డబ్బా కోసం వెతికింది. పోపుల పెట్టె వెనకాల దొరికింది, ఎప్పుడో దగ్గుబిళ్ళలు వచ్చిన రేకుడబ్బా. మూత తీస్తే ఉన్నవి ఇవీ: గింజలు వలిచేసిన యాలకుల తొక్కలు, ముక్కలైన దాల్చినచెక్క అడుగులు, తలలు రాలిన లవంగాల పుల్లలు, శొంఠి మీద గీకిన చెక్కు, కాస్త మిరియాల నలుసు.

అత్తగారు మెడ చాచింది. "ఆ చెత్తంతా ఎందుకు దాచిందో పిచ్చిది. పారేసి, శుభ్రంగా కొత్తవి వెయ్యి."

అక్క మంచి దినుసులన్నీ వాడేసి, తిరిగి నింపుకునే లోపలే మంచం పట్టి ఉంటుందనుకుంది చిన్నకోడలు. కానీ పారెయ్యబుద్ధి కాలేదు. అక్క వేలిముద్రలు మూత మీద జిడ్డుగా ఉన్నాయి. డబ్బా మళ్ళీ యథాస్థానంలో పెట్టింది.

మర్నాడు పొద్దున్న కాఫీ పోస్తుంటే ఒక సంగతి కొత్తగా తగిలింది. పోసే వరస చేతికి తెలుసు. ముందు అత్తగారికి చిక్కగా, తర్వాత బావగారికి, తన భర్తకి, పై వాటాలోంచి పేపరు కోసం దిగొచ్చే పెద్దాయన ఉంటే ఆయనకి. ఇదివరకు ఆ తర్వాతి గ్లాసు తనది. అక్క పోసి ఇచ్చేది. "నువ్వు తాగవే. నాకు చిక్కటిది పడదు, గుండె దడదడమంటుంది," అనేది. ఇంట్లో అందరికీ తెలుసు ఆ సంగతి. పెద్దకోడలికి చిక్కటి కాఫీ పడదు. ఫలానావారికి వంకాయ పడదన్నట్టు, అదొక ఆరోగ్య సమాచారం.

ఇప్పుడు పోసేది తను. తన గ్లాసు దగ్గరికి వచ్చేసరికి ఫిల్టరు అడుగున చుక్క లేదు. అక్క పోయినప్పటి నుంచీ లేదు. ఎవరూ తాగొద్దనలేదు. ఉందా అని అడగనూ లేదు. వాడేసిన పొడి మీద మళ్ళీ వేడినీళ్ళు పోసి, గోధుమరంగు నీళ్ళేవో దిగితే పాలు కలిపి, నిలబడే ఒక గుటక వేసి, మొహం చిట్లించి తొట్లో కుమ్మరించడం ఆమెకి అలవాటైపోయింది.

ఫిల్టరు కడగబోతుంటే అక్క గుర్తొచ్చింది. రెండుసార్లు దిగిపోయిన పొడి మీద మూడోసారి నీళ్ళు పోస్తూ అనేది, "దీనికి మూడో స్నానం చేయిస్తున్నానే. ఎంతకీ మురికి వదలటం లేదు." గుమ్మంలో బావగారు సుద్దముక్క చెవి మీద పెట్టుకుని నిలబడి, భుజాలు కదిలేలా నవ్వేవారు. అక్కా నవ్వేది. తనూ నవ్వేది. నవ్వకుండా ఎలా ఉంటారు? ఆవిడ అన్న తీరు అలాంటిది.

*

ఆ సాయంత్రం వాన. ఆడపడుచూ, ఆవిడ భర్తా తడుస్తూ వచ్చారు. ఆడపడుచు గుమ్మంలోనే అన్నయ్యని పట్టుకుని భోరుమంది. ఏడుపు కాస్త సర్దుకున్నాక, "వదినా, వేడిగా ఏమైనా ఉందా?" అంది.

ఉంది. ఖరీదైన పొడి, మొదటి డికాషన్. ఆడపడుచుకి, ఆమె భర్తకి, అత్తగారికి, తన భర్తకి. బావగారు వద్దన్నారు. ఆడపడుచు భర్త, "అబ్బ, ఇలాంటి కాఫీ తాగి ఎన్నాళ్ళయింది! ఇంకాస్త ఉందా అమ్మా?" అన్నాడు. ఇంకాస్తా అయిపోయింది.

ముందుగదిలో వాళ్ళు అక్క మంచితనం గురించి మాట్లాడుకుంటున్నారు. "ఒక్కనాడు నాకిది కావాలని నోరు తెరిచి అడిగింది కాదు," అంటోంది అత్తగారు ముక్కు చీదుతూ. "అలాంటి కోడలు కోటికొకరు."

చిన్నకోడలికి తల పగిలిపోతోంది. పొద్దుట్నుంచి నోట్లో వేడి చుక్క పడలేదు. వాడేసిన పొడి మీద నీళ్ళు పోసి, దిగినదాన్ని రుచి చూసింది. గిన్నెలు తొలిచిన నీళ్ళు నయం. ఏదైనా పడితే గానీ గొంతు దిగదు. కొత్త యాలకుల సీసా అందుకుంది. మూత తియ్యబోయి ఆగింది. కుర్చీ ఖాళీగానే ఉంది, చూసేవాళ్ళు లేరు. అయినా ఈ కుడితిలోకి, అదీ తన ఒక్కదాని కోసం, మంచి యాలకులా? చెయ్యి దానంతటదే సీసా వదిలేసి, పోపుల పెట్టె వెనక్కి వెళ్ళి రేకుడబ్బా తీసింది.

యాలకుల తొక్కలు రెండు. దాల్చినచెక్క నుసి. లవంగం పుల్లలు. శొంఠి చెక్కు. చిన్న రోట్లో వేసి నలగ్గొట్టి, ఆ పల్చటి నీళ్ళలో పడేసి మరగనిచ్చింది. పాలగిన్నె కడిగేసే ముందు, అంచుకి అంటిన మీగడ గరిటెతో గీకి కలిపింది. బెల్లం డబ్బా అడుగున ముద్దయిన పొడిని గోటితో పెళ్ళగించి వేసింది. వడగట్టి, నిలబడే ఓపిక లేక, అక్క కూరలు తరిగే ఎత్తుపీట మీద చతికిలబడి, ఓ గుక్క తాగింది.

అక్క వంటింట్లోకి వచ్చింది.

ఆ వాసనే. ఎప్పుడో జలుబు చేసినప్పుడు అక్క ఒక్క గుక్క పట్టించింది, నాలుక చివర ఆ మంటే. గొంతులోకి దిగాక వెనక నుంచి వచ్చి వీపు నిమిరినట్టుండే ఆ వేడే. గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని అలాగే ఉండిపోయింది. దినుసుల తక్కువ కాదు, పాల తక్కువ కాదు. ఇన్నాళ్ళూ చేసిన తప్పు ఒక్కటే, మంచివి వెయ్యడం. మొదటి డికాషన్ మీద ఈ కాఫీ పుట్టలేదు. అందరూ తాగేశాక మిగిలిన నీళ్ళని గొంతు దింపుకోవడానికి, అందరికీ వాడగా మిగిలిన తొక్కలతో ఒక మనిషి చేసుకున్న ఉపాయం అది. చిక్కటి డికాషన్‌లో అది ఎలా వస్తుంది?

ముందుగదిలో ఆడపడుచు భర్త ఏదో అన్నాడు, ఎవరో నిట్టూర్చారు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి లేచి మొహం కడుక్కుంది. మిగిలిన కాఫీ వెచ్చబెట్టి, అక్క వాడే గ్లాసులోనే పోసి, ముందుగదిలోకి తీసుకెళ్ళింది.

*

"వద్దన్నానుగా అమ్మా," అంటూనే బావగారు అందుకున్నారు. మర్యాద కోసం ఒక గుక్క తాగారు.

గ్లాసు గట్టు మీదకి వెళ్ళలేదు. ఇంకో గుక్క. ఇంకోటి. ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా, ఆఖరి చుక్క దాకా తాగి, ఖాళీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. బాగుందని అనలేదు.

ఆడపడుచు మళ్ళీ ఏడవడానికి సిద్ధమైంది.

"ఇదే," అన్నారు బావగారు. "ఏం వేశావమ్మా?"

"నే చెప్పానా, జాజికాయేనని!" అంది అత్తగారు.

"వెయ్యలేదత్తయ్యా."

"మరి? చెప్పు, రోజూ అలాగే చేద్దువుగాని," అన్నాడు ఆమె భర్త ఉత్సాహంగా. "ఆ పొడి మహిమే కదూ?"

పొడి మహిమే అనేస్తే అయిపోయేది. భర్త సంతోషించేవాడు, బావగారు రేపు దుప్పటి తీసేవారు. ఆ అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆయన గ్లాసుని రెండు చేతులతో పట్టుకున్న తీరు చూస్తే, అందులో ఏముందో తెలుసుకునే హక్కు ఆయనకి ఉందనిపించింది.

"మీరందరూ తాగాక మిగిలిన పొడి మీద మళ్ళీ నీళ్ళు పోశాను బావగారూ. యాలకుల తొక్కలు వేశాను. అక్క డబ్బాలోవి. అందులో ఉన్నవన్నీ అలాంటివే. అక్క ఎప్పుడూ వీటితోనే చేసుకునేది."

ఎవరికీ వెంటనే అర్థం కాలేదు. ముందు అర్థమైంది అత్తగారికి. "నేనెప్పుడూ దాన్ని తాగొద్దనలేదే!" అంది గొంతు పెంచి. "నా నోట్లోంచి ఆ మాట వస్తే కళ్ళు పోతాయి. దానికి చిక్కటిది పడదమ్మాయ్. అదే చెప్పేది. అందరికీ చెప్పేది."

"నాకూ చెప్పేది అత్తయ్యా. ఎప్పుడైనా తాగి చూసిందా?"

అత్తగారు నోరు తెరిచి, కూతురి వంక చూసింది. కూతురు తన కప్పు వంక చూసుకుంది. అడుగున చిక్కటి కాఫీ చుక్క ఇంకా ఉంది. మెల్లిగా కప్పు కుర్చీ కిందకి తోసింది.

బావగారు ఇంకా గ్లాసు వంకే చూస్తున్నారు. "అంటే, ఈ రెండో నీళ్ళు దానివి. నేను లాక్కున్నాను."

"మీకివ్వడం అక్కకి ఇష్టం బావగారూ. సాయంత్రం అవుతుంటే మీ కత్తెర చప్పుడు ఎప్పుడు ఆగుతుందా అని చూసేది."

"అది కాదమ్మా." ఆయన మొహం ఎత్తారు. "నాకిచ్చేశాక, తనేం తాగేది?"

చిన్నకోడలు ఖాళీ గ్లాసు అందుకోబోయింది. ఆయన ఇవ్వలేదు. ఆయన చూపు ఆమెని దాటి వంటింటి గుమ్మం మీదకి, తను చెవి మీద సుద్దముక్కతో నిలబడి నవ్విన చోటుకి వెళ్ళి, అక్కడ ఆగిపోయింది.

*

తెల్లవారి వంటింట్లో గిన్నెల చప్పుడుకి ఆమెకి మెలకువ వచ్చింది. వెళ్ళి చూస్తే బావగారు. ఫిల్టరుని కోటు బట్టలా తిప్పి తిప్పి చూస్తున్నారు, ఏది పైదో ఏది కిందిదో తెలియక. బండ మీద పొడి ఒలికింది. నీళ్ళు మరిగి మరిగి సగమయ్యాయి.

"నేను చేస్తాను బావగారూ, మీరు జరగండి."

"నువ్వు కూర్చో."

"అత్తయ్య లేచే వేళయింది."

"లేవనీ. కూర్చోమ్మా."

ఆమె ఎత్తుపీట మీద కూర్చుంది. ఆయన బట్ట కత్తిరించేటప్పుడు పట్టే ఊపిరిలాంటిదేదో బిగబట్టి, నీళ్ళు పోశారు. సగం బయటికి పోయాయి. డికాషన్ దిగేదాకా ఇద్దరూ దాని వంకే చూస్తూ ఉన్నారు. పాలు కలిపి, పంచదార వేసి, వేళ్ళు కాల్చుకుని, చిక్కటి గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"ముందు నువ్వు తాగు."

"మీరూ, అత్తయ్యా..."

"తాగమ్మా. ఎవరైనా తాగాలి కదా."

తాగింది. చేదు. వేడి. మొదటి డికాషన్ ఇంత చిక్కగా ఉంటుందని మర్చేపోయింది. రెండో గుక్కకి కళ్ళల్లో నీళ్ళు తిరిగి, గ్లాసు అంచు కనపడలేదు.

ఆయన వాడేసిన పొడి మీద నీళ్ళు పోశారు. దిగినదాన్ని తొట్లో పారబోశారు. మళ్ళీ పోశారు. ఈసారి దిగిన నీళ్ళకి రంగు లేదు. దాదాపు లేదు. కిటికీ వెలుగులో పట్టి చూసి, అక్క గ్లాసులోకి వంచుకున్నారు.

"ఉండండి, దినుసులు దంచిస్తాను. కాస్త బెల్లమైనా..."

"వద్దు."

నిలబడే తాగారు. నెమ్మదిగా, అంతా. మొహం చిట్లించలేదు. గ్లాసు బండ మీద పెట్టి, అంచు మీద బొటనవేలు ఒకసారి తిప్పారు, కాజా సరిగ్గా వచ్చిందో లేదో తడిమి చూసినట్టు.

"ఏమీ లేదమ్మా ఇందులో," అన్నారు.

"లేదు బావగారూ."

లోపల్నుంచి అత్తగారి చెప్పుల చప్పుడు వచ్చింది. గుమ్మం దాకా వచ్చి, తన కుర్చీ పక్కన ఆగింది. రోజూలా కాఫీ అయిందా అని అడగలేదు, కూర్చోనూ లేదు. కొడుకు ముందున్న గ్లాసు వైపు చూస్తూ నిలబడింది.

"ఇది తాగుతూ," అన్నారు బావగారు, ఎవరితోనో తెలియకుండా, "ఇది తాగుతూ నవ్వేది."